సీసం కోటు కింద ఎవరి వెన్నెముక?

మెడికల్ కాలేజీ వచ్చిందంటే మనం ఏం లెక్కబెడతం? ఎంబీబీఎస్ సీట్లు ఎన్ని, అందులో మన వాటా ఎంత, కౌన్సెలింగ్‌లో రోస్టర్ సక్కగ నడిచిందా లేదా. లెక్కబెట్టాలె, అందులో తప్పు లేదు. 2018లో సిద్దిపేటకు సర్కారు మెడికల్ కాలేజీ వచ్చిననాడు మా దౌల్తాబాద్ నుంచి దొమ్మాట దాక చదువుకున్న పోరగాళ్లందరూ ఆ లెక్కనే మాట్లాడుకున్నరు. కాని అవే ఆసుపత్రి గోడల లోపల ఇంకో చదువు నడుస్తది. ల్యాబ్ టెక్నీషియన్, ఎక్స్‌రే, అనస్థీషియా, డయాలసిస్, క్యాథ్ ల్యాబ్. ఆ చదువులకు మన వాడల నుంచి పిల్లలు గుంపులుగ పోతున్నరు. వాళ్లకు ఏం నేర్పుతున్నరు, ఏ మిషన్ మీద నేర్పుతున్నరు, ఎంత రేడియేషన్‌లో నిలబెడుతున్నరు అని అడిగే ధర్నా నేనైతే చూడలేదు. ఒక్క కరపత్రం చదవలేదు. ఈ వారం వ్యాసం దాని మీదనే. అన్ని కోర్సుల గురించి కాదు, ఒక్క గది గురించి రాస్త. ఒక్క గది సూస్తే మిగిలిన ఆసుపత్రి అంత అర్థమైతది.

ఆ గదిని గుండె డాక్టర్లు వాడితే క్యాథ్ ల్యాబ్ అంటరు. కాళ్ల రక్తనాళాలు, మెదడు, కాలేయం, డయాలసిస్ ఫిస్టులా చూసే రేడియాలజీ డాక్టర్లు వాడితే ఇంటర్వెన్షనల్ రేడియాలజీ అంటరు. పేరు మారుతది, పని పద్ధతి ఒక్కటే. తొడ మొదట్లోనో మణికట్టు దగ్గరనో సూది గుచ్చుతరు. సూది లోపలి నుంచి సన్నని తీగ పంపుతరు. సూది తీసేసి ఆ తీగ మీదుగ గొట్టం ఎక్కిస్తరు. ఇది 1953లో స్వీడన్ డాక్టర్ సెల్డింగర్ చూపించిన ఉపాయం. ఇప్పటికీ మూలం అదే. 1964 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు 82 ఏండ్ల ముసలమ్మ కాలిలో మూసుకపోయిన నాళాన్ని కోత లేకుండ తెరిచిండు. కాలు తీసెయ్యాలె అన్నరు సర్జన్లు. ఆమె ససేమిరా అన్నది. ఆమె కాలు దక్కింది.

ఇదంత మనకెందుకు అనొద్దు. షుగర్ వచ్చిన కూలి మనిషికి ముందు బొటనవేలు నల్లబడుతది, తర్వాత పుండు మానదు, తర్వాత మోకాలి కింద తీసేస్తరు. నాట్లేసే ఆడమనిషికి, మూటలు మోసే హమాలీకి కాలు పోవుడంటే ఇంటి కూలి మొత్తం పోవుడే. యాళ్లకు ఆ గది దాక చేరితే కొన్ని కాళ్లు నిలబడతయి. డయాలసిస్ మీద బతికేటోళ్ల చేతిలో ఫిస్టులా సన్నబడితే అక్కడనే బెలూన్‌తో మళ్ల తెరుస్తరు. గుండెపోటు వచ్చినోళ్ల సంగతి చెప్పనే అక్కర లేదు. రెక్కాడితే డొక్కాడే మనిషికే ఆ గదితో ఎక్కువ పని. కాబట్టి ఆ గదిలో ఎవరు నిలబడుతున్నరు, ఎంత తయారై నిలబడుతున్నరు అన్నది మన ప్రశ్న.

బయట బోర్డు మీద ఒక్క పేరే ఉంటది, డాక్టర్ పేరు. లోపల ఇంకో మనిషి ఉంటడు. ఆ మనిషి పని ఏందో వరుసగ చెప్త, వినండి. రోగి క్రియాటినిన్ ఎంతుందో రిపోర్టు ముందే చూసి పెట్టాలె, ఎందుకంటే రక్తనాళాలు కనబడేందుకు ఎక్కించే అయోడిన్ మందు బలహీనమైన కిడ్నీని దెబ్బతీయొచ్చు. ఆ మందును ఒత్తిడితో పంపే ఇంజెక్టర్ నింపాలె. నింపినప్పుడు గొట్టంలో గాలి బుడగ లేకుండ తోలెయ్యాలె. ఆ బుడగ మెదడు రక్తనాళంలోకి పోతే పక్షవాతం, గుండె నాళంలోకి పోతే ప్రాణమే పోవచ్చు. సీ-ఆర్మ్‌ను ఏ కోణంలో తిప్పితే ఏ కొమ్మ విడిగ కనబడుతదో తెలిసుండాలె. సెకనుకు ఎన్ని ఫ్రేములు, కిరణం ఎంత వెడల్పు అన్నది సరి చెయ్యాలె. 15 ఫ్రేముల కాడ ఏడున్నరతో పని జరిగే చోట ఏడున్నరకు దించితే రోగికీ, గదిలో ఉన్నోళ్లకూ రేడియేషన్ బాగ తగ్గుతది. ఏ సైజు తీగ, ఏ సైజు బెలూన్, ఏ స్టెంట్ అడగక ముందే చేతికి అందించాలె. తెర మీద ఒత్తిడి గీత మారిందంటే డాక్టర్ కంటె ముందు చూసి చెప్పాలె. అయిపోయినంక మొత్తం డోసు ఎంతైందో రాసి పెట్టాలె.

ఈ పని సగం తెలిసినోడు చేస్తే ఏమైతదో ఊహించుకోవాల్సిన పని లేదు. 1994లో అమెరికా ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. ఇట్లాంటి పద్ధతుల్లో ఫ్లోరోస్కోపీ ఎక్కువసేపు నడిస్తే రోగి వీపు చర్మం కాలి పుండ్లు పడుతున్నయని. మిషన్ ఎంత ఖరీదుదైనా, దాని ముందు నిలబడ్డ మనిషి తయారీ బట్టే రోగి వీపు.

ఇంకొక సంగతి. తెలుగు సాహిత్యం చదివిన మనిషిగ నాకు ఇది మరీ దగ్గరిది. రక్తనాళాలను మాత్రమే చూపించే ఒక పద్ధతి ఉంది, డిజిటల్ సబ్‌ట్రాక్షన్ యాంజియోగ్రఫీ. మొదట మందు లేకుండ ఒక బొమ్మ తీస్తరు. తర్వాత మందు ఎక్కించి ఇంకో బొమ్మ తీస్తరు. రెండో దాంట్లో నుంచి మొదటిది తీసివేస్తే ఎముకలు, కండలు మాయమైతయి. రక్తనాళాలే మిగులుతయి. కాని ఒక షరతు. రెండు బొమ్మల మధ్య రోగి కదలొద్దు. ఊపిరితిత్తులు, కడుపు దగ్గర తీసేటప్పుడైతే ఊపిరి కూడ బిగపట్టాలె. కదిలితే బొమ్మ చెదురుతది, మళ్ల తియ్యాలె. మళ్ల మందు, మళ్ల రేడియేషన్.

ఇప్పుడు చెప్పండి. ఇంద్రప్రస్థం భాషలో "డోంట్ మూవ్, హోల్డ్ యువర్ బ్రెత్" అంటే మా దౌల్తాబాద్ మండలం అవ్వకు ఏం అర్థమైతది? "అవ్వా, జర ఊపిరి పట్టు, కాలు కదిలియ్యకు, మందు పోతుంటె వెచ్చగ అనిపిస్తది, భయపడకు" అని ఎవరు చెప్పాలె? ఆ మాట సరిగ్గ, సరైన సెకనుకు, ఆమె నమ్మే గొంతుతో చెప్పగలిగేది ఆమె వాడ నుంచి పోయిన పిల్లనో పిలగాడో. మన ఊర్లల్లో నరం అంటే నాడి కూడ, రక్తనాళం కూడ. "కాలి నరాలు గుంజుతున్నయి" అని రోగి అంటే అది నాడి నొప్పా, రక్తం అందక వచ్చే నొప్పా అని నడక గురించి నాలుగు ప్రశ్నలు వేసి అర్థం చేసుకునేది ఆ భాష తెలిసినోళ్లే. పుస్తకంలో ధమని, సిర అని రాసి ఉంటది. రోగి నోట్లో ఆ మాటలు ఉండవు. ఈ రెండింటి మధ్య వంతెన కట్టే మనిషి జీతం లెక్కలో ఆ వంతెనకు విలువ సున్న.

మరి ఆ మనిషిని ఎట్ల తయారు చేస్తున్నం? మన రాష్ట్రంలో పారామెడికల్ బోర్డు కింద రెండేండ్ల డిప్లొమాలు ఉన్నయి. అందులో క్యాథ్ ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా ఒకటి, మెడికల్ ఇమేజింగ్ డిప్లొమా ఒకటి. ఆ పైన అలైడ్ హెల్త్ సైన్సెస్ డిగ్రీలు ఉన్నయి. కాయితం మీద చూస్తే అంత బాగనే ఉంటది. నా దగ్గర డిగ్రీ చదివే పిల్లల అన్నలు, అక్కలు, ఇంటర్‌లో బైపీసీ చదివి నీట్ కోచింగ్‌కు లక్షలు లేక ఇటు మళ్లినోళ్లు. వాళ్లు నాతో చెప్పినయి కాయితం మీద లేవు. ఒకడు కాలేజీలో చేరిన మొదటి ఏడు మొత్తం క్యాథ్ ల్యాబ్ తలుపు బయట నుంచే చూసిండు. ఇంకొక చెల్లె క్లినికల్ పోస్టింగ్ పేరు మీద ఓపీ చిట్టీలు రాసింది, స్ట్రెచర్ తోసింది, ఫైళ్లు మోసింది. పరీక్షకు మాత్రం ఇంగ్లీష్‌లో గైడ్ బట్టీ పట్టి రాసింది. పాసైంది కూడ. ఆ ఆసుపత్రుల పేర్లు నేను రాయను. ఒక్క పేరు రాస్తే మిగిలినయి మంచియని అనుకుంటరు.

రేపు ఆ చెల్లెను ఇంజెక్టర్ ముందు నిలబెడతరు. గాలి బుడగ గురించి ఆమె ఒక్క మార్కు జవాబు రాసింది, చేతితో ఒక్కసారి తోలలేదు. తప్పు జరిగితే ఎవరి మీదకు వస్తది? "టెక్నీషియన్ నిర్లక్ష్యం" అని పేపర్‌లో వస్తది. ఆమెకు నేర్పకుండ సర్టిఫికెట్ చేతిలో పెట్టినోడి నిర్లక్ష్యం గురించి ఏ పేపర్‌లోనూ రాదు.

బయటి దేశాల్లో ఎట్లుందో ఒక్క మాట. అమెరికాలో రేడియోగ్రాఫర్‌గ అర్హత పొందినంకనే వాస్క్యులర్ ఇంటర్వెన్షనల్ అనే ప్రత్యేక అర్హతకు పోనిస్తరు. ఎన్ని ప్రక్రియల్లో చెయ్యి పెట్టిందో ఒక్కొక్కటి నమోదు చేసి, సంతకాలు చేయించుకొని చూపించినంకనే పరీక్ష రాయనిస్తరు. ముందు చెయ్యి, తర్వాత కలం. మన దగ్గర చెయ్యి లేకుండనే కలంతో పని అయిపోతది.

ఇప్పుడు సీసం కోటు సంగతికి వద్దాం. ఎక్స్‌రే గొట్టం టేబుల్ కింద ఉంటది. కిరణం రోగి శరీరానికి తగిలి నాలుగు దిక్కులకు చెదురుతది. గదిలో ఉన్నోళ్లకు తగిలేది ఎక్కువగ ఈ చెదిరిన రేడియేషనే. ఒక్క మీటరు దూరంలో ఉన్నోడు రెండు మీటర్లకు జరిగితే డోసు దాదాపు నాలుగో వంతుకు పడిపోతది. కాని పని దగ్గరుండే చేసేది. అందుకే సీసం కోటు, మెడకు సీసం పట్టీ, కండ్లకు సీసం అద్దాలు. కోటు ఐదారు కిలోలు తూగుతది. రోజుకు ఎనిమిది, పది గంటలు దాన్ని మోస్తె నడుము, మెడ డిస్కులు అరుగుతయి. మా తాతలు దొర గడి ముందట మోసిన బరువులు మీకు తెలుసు. ఈ బరువు తెల్ల గోడల మధ్య ఏసీలో ఉంటది కాబట్టి ఎవరికీ కనబడదు.

కిరణానికి కులం తెల్వదు. నిజమే. కాని కిరణం ముందు ఎవరిని ఎంతసేపు నిలబెట్టాలె అని నిర్ణయించేటోళ్లకు తెలుసు. ఎక్స్‌రే చరిత్ర మొదటి పేజీలోనే ఈ లెక్క ఉంది. థామస్ ఎడిసన్ ప్రయోగశాలలో క్లారెన్స్ డ్యాలీ అని ఒక సహాయకుడు ఉండె. గాజు ఊదే పనోడు. ఎక్స్‌రే గొట్టాలను తన చేతుల మీదనే పరీక్షించేటోడు. చేతులు కాలినయి, క్యాన్సర్ వచ్చింది, చేతులు తీసేసిండ్రు, 1904లో చచ్చిపోయిండు. ఎడిసన్ భయపడి ఎక్స్‌రే పని వదిలేసిండు. ఎడిసన్ పేరు మన మూడో తరగతి పిల్లకు కూడ తెలుసు. డ్యాలీ పేరు ఎంతమందికి తెలుసు?

మన దేశంలో నియమాలు లేవని కాదు. అణుశక్తి రేడియేషన్ రక్షణ నియమాలు 2004లో వచ్చినయి. ఇంటర్వెన్షనల్ రేడియాలజీ మిషన్ నడపాలంటే అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు తప్పనిసరి. రేడియేషన్‌లో పనిచేసేటోళ్లకు ఐదేండ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటొద్దు. గర్భం ఉందని తెలిపిన ఉద్యోగిని కడుపులో బిడ్డకు అక్కడ్నుంచి 1 మిల్లీసీవర్ట్ దాటొద్దు. ప్రతి మనిషికి టీఎల్‌డీ బ్యాడ్జ్ ఉండాలె. అది ఛాతీ మీద, కోటు లోపల పెట్టుకోవాలె. మూడు నెలలకోసారి దాన్ని పంపి డోసు చదివించాలె. నియమం బంగారం లెక్క ఉంది.

నేను విన్నది చెప్త. బ్యాడ్జ్ పర్మనెంట్ వాళ్లకే ఇచ్చి, ట్రైనీలకు "తర్వాత చూద్దాం" అన్న చోట్లు ఉన్నయి. బ్యాడ్జ్ ఉన్నా అల్మారీలో పెట్టి లోపలికి పొమ్మన్న చోట్లు ఉన్నయి, రీడింగ్ ఎక్కువొస్తే ప్రశ్నలు వస్తయని. అల్మారీలో ఉన్న బ్యాడ్జ్‌కు రేడియేషన్ తగలదు. రికార్డు శుభ్రంగ ఉంటది. మనిషి వెన్నెముక, కండ్లు, రక్తం మాత్రం రికార్డులో లేని డోసు మోస్తయి. పదిహేనేండ్లకు కంట్లో శుక్లం వస్తె "నీ డోసు చూడు, సున్న" అంటరు. బ్యాడ్జ్ లేని మనిషి రేడియేషన్ కార్మికుడు కాదు. లెక్కలో లేడు కాబట్టి నష్టపరిహారం అడిగే హక్కు కూడ లెక్కలో లేదు. మన జాతికి ఈ తర్కం కొత్తనా? ఊరికి పని చెయ్యాలె, ఊరి లెక్కలో ఉండొద్దు.

కొందరు మిత్రులు అంటరు, "ప్రతి దాంట్లో కులం తేవద్దు, ఇది చదువుల తేడా" అని. సరే, చదువుల చరిత్రే చూద్దాం. మనుస్మృతి వైద్యాన్ని అంబష్ఠులనే సంకర కులానికి రాసిచ్చింది. నాలుగో అధ్యాయంలో వైద్యుడి అన్నాన్ని చీముతో పోల్చింది. ఎందుకు? వైద్యుడు రోగి శరీరాన్ని, నెత్తురును, పుండును ముట్టుకుంటడు కాబట్టి. ముట్టుకునే పని నీచం అని తేల్చినంక, పల్లెల్లో పురుడు పోసే చేతులు ఎవరివి? మంగలి, మాదిగ ఆడోళ్లవి. చచ్చిన గొడ్డు తోలు ఒలిచి ఏ కండ కింద ఏ నరం పోతదో కత్తి మొనతో తెలుసుకున్న చేతులు ఎవరివి? ఆ జ్ఞానానికి పుస్తకం లేదు, పేరు లేదు. తర్వాత తెల్లోడు వచ్చి వైద్యాన్ని డిగ్రీ చేసిండు, దాని చుట్టూ జీతం, గౌరవం, కట్నం చేరినయి. అప్పుడు చీము అన్నోళ్ల మనుమలే వరుసలో ముందు నిలబడ్డరు. ముట్టుడు పని మాత్రం కిందికి జరుపుకుంట వచ్చిండ్రు. నర్సుకు, వార్డ్‌బాయ్‌కు, ఆయాకు, టెక్నీషియన్‌కు. వైద్యం పైకి పోయింది, ముట్టు కింద మిగిలింది.

1936లోనే అంబేద్కర్ ఈ సంగతి విప్పి చెప్పిండు. పనులు పంచుకునుడు ఏ సమాజానికైనా ఉంటది, కాని కులం పనిచేసే మనుషులనే మెట్ల మెట్లుగ విడగొట్టి, ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు ఎక్కకుండ తలుపు మూస్తది అని ఆయన వాదన. దాన్ని ఆసుపత్రికి తెచ్చి చూడండి. క్యాథ్ ల్యాబ్‌లో ఇరవై ఏండ్లు పనిచేసిన టెక్నీషియన్ ఇరవై ఏండ్ల తర్వాత ఏమైతడు? సీనియర్ టెక్నీషియన్ అయితడు. అంతే. డిప్లొమా నుంచి డిగ్రీకి, డిగ్రీ నుంచి బోధనకు, పరిశోధనకు దారి ఎంతమందికి తెరిచి ఉంది? నిన్న వచ్చిన పీజీ డాక్టర్‌కు తీగ ఎట్ల పట్టాలో నెమ్మదిగ చూపించేది ఇతనే. అయిదేండ్లకు ఆ డాక్టర్ ప్రొఫెసర్ అయి ఇతన్ని "అరేయ్" అంటడు.

ఇట్లాంటి కథ ప్రపంచానికి తెలిసింది ఒకటుంది. వివియన్ థామస్. అమెరికాలో నల్లజాతి బిడ్డ, వడ్రంగి పని నేర్చినోడు. డాక్టర్ కావాలని కాలేజీ కోసం కూడబెట్టిన పైసలు బ్యాంకు దివాలాలో మునిగినయి. 1930లో బ్లాలక్ అనే సర్జన్ ప్రయోగశాలలో సహాయకుడిగ చేరిండు. పని పరిశోధకుడిది, జీతం పట్టీలో హోదా మాత్రం ఊడ్చే మనిషిది. నీలిరంగుకు తిరిగే పసిపిల్లల గుండె జబ్బుకు ఆపరేషన్ పద్ధతిని ప్రయోగశాలలో చేతులతో సాధించింది ఆయన. 1944 నవంబర్ 29న జాన్స్ హాప్కిన్స్‌లో మొదటిసారి పసిపిల్లకు ఆ ఆపరేషన్ చేసిననాడు ఆయన సర్జన్ వెనక స్టూలు మీద నిలబడి ఏ కుట్టు ఎట్ల వెయ్యాలో చెప్పిండు. ఆపరేషన్‌కు బ్లాలక్, టౌసిగ్ అని ఇద్దరి పేర్లు పెట్టిండ్రు. మూడో పేరు లేదు. 1976లో ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చిండ్రు. ముప్పై రెండేండ్ల తర్వాత. ఇప్పుడు కొందరు థామస్ పేరు కూడ కలిపి రాస్తున్నరు. మన ఆసుపత్రుల్లో స్టూలు మీద నిలబడ్డ థామస్‌లు ఎంతమందో, వాళ్ల పేర్లు కలిపి రాసేది ఎన్నడో.

చట్టం సంగతి కూడ చెప్పుకోవాలె, ఎందుకంటే మన పోరాటానికి పిడి అక్కడుంది. 2021లో పార్లమెంటు అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. స్వతంత్రం వచ్చిన డెబ్బై నాలుగో ఏడు దాక ఈ మనుషులకు డాక్టర్లకు, నర్సులకు ఉన్నట్టు ఒక జాతీయ మండలే లేదు. అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనాలంటే కనీసం 2,000 గంటల శిక్షణ, రెండు నుంచి నాలుగేండ్లలో. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనాలంటే కనీసం 3,600 గంటలు, డిగ్రీ. ఆరు నెలల్లో రాష్ట్రాలు తమ మండళ్లు పెట్టాలె అని రాసిండ్రు. ఆరు నెలలు కాదు, మూడేండ్లు గడిచినయి. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కేంద్రానికీ రాష్ట్రాలకూ గడువు పెట్టి చట్టం అమలు చెయ్యమని చెప్పాల్సి వచ్చింది. ఎంబీబీఎస్ కౌన్సెలింగ్ ఒక్క నెల ఆలస్యమైతే టీవీల్లో చర్చలు పెడతరు. ఈ లక్షల మంది చట్టం మూడేండ్లు మూలకు పడితే ఒక్క చర్చ పెట్టలేదు.

ఆ చట్టంలో కూడ ఒక చిక్కుంది. గుండె, రక్తనాళాల టెక్నాలజిస్టులను ఒక వర్గంలో పెట్టిండ్రు. రేడియాలజీ, ఇమేజింగ్ టెక్నాలజిస్టులను ఇంకో వర్గంలో పెట్టిండ్రు. మనం మాట్లాడుకునే గదిలో నిలబడ్డ మనిషికి రెండు విద్యలూ కావాలె. రేడియేషన్ భౌతికశాస్త్రం ఒకడికి, గుండె ఒత్తిడి గీతలు ఒకడికి అని పంచితే ఆ గది నడవదు. రాష్ట్ర మండలి పాఠ్యప్రణాళిక రాసేటప్పుడు ఈ మాట అడిగే మనిషి ఆ బల్ల దగ్గర ఉండాలె. అతను ఆ కోటు మోసినోడై ఉండాలె.

పైసల సంగతి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. 2023 డిసెంబర్‌లో మన రాష్ట్రంలో దాని పరిమితి పది లక్షలకు పెరిగింది. మన తెల్లకార్డు మీద, మన గుండె మీద వచ్చే ఆ పైసలు ప్రైవేటు ఆసుపత్రుల ఖాతాల్లోకి పోతున్నయి. 1990లలో ఇదే హైదరాబాద్‌లో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి చౌక స్టెంట్ తెస్తే గర్వపడ్డం. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మామూలు స్టెంట్‌కు 7,260 రూపాయలు, మందు పూసిన స్టెంట్‌కు 29,600 రూపాయలు దాటొద్దని పరిమితి పెడితే చప్పట్లు కొట్టినం. కొట్టాలె. కాని తీగకు, బెలూన్‌కు, స్టెంట్‌కు ధర మాట్లాడిన దేశం, వాటిని పట్టుకునే చెయ్యికి జీతం ఎంత అని అంత గట్టిగ ఎన్నడన్న మాట్లాడిందా? నాకు తెలిసిన పిలగాడు రాత్రి డ్యూటీలతో కలిపి ఒక్క స్టెంట్ గరిష్ఠ ధరలో సగం కూడ నెలకు ఇంటికి తేడు.

వర్గీకరణ సాధించుకున్నం. 1994లో మొదలైన దండోరా ముప్పై ఏండ్లు మోగితే 2025 ఏప్రిల్ 14న మన రాష్ట్రంలో అమలులోకి వచ్చింది. ఆ గెలుపును నేను ఒక్క అక్షరం తక్కువ చెయ్యను. కాని రోస్టర్ నడిచేది సర్కారు నోటిఫికేషన్ వచ్చిన చోట. ఈ గదుల్లో ఎక్కువ భాగం ప్రైవేటువి, అక్కడ రోస్టర్ లేదు. సర్కారువి ఉన్న చోట కూడ ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ అడ్డం నిలబడుతది. చదువులో రిజర్వేషన్, ఉద్యోగంలో ఏజెన్సీ. ఎక్కే మెట్టు మనకిచ్చి, ఇంటి తాళంచెవి ఇంకొకడి చేతిలో పెట్టినట్టు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని కాలేజీ సర్టిఫికెట్ ఆపితే ఆ మెట్టు కూడ ఊడుతది.

మనోళ్ల నుంచే వచ్చే ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలె. "అన్నా, మన పిల్లలు డాక్టర్లు కావాలె గాని, ఈ టెక్నీషియన్ చదువుల కోసం కొట్లాడుడు ఏంది? మళ్ల కింది పనులకే తోలుడు కాదా?" నేను ఈ కోపాన్ని గౌరవిస్త. కాని ఎంబీబీఎస్ సీటు కోసం కొట్లాడే చెయ్యితోనే దీని కోసం కూడ కొట్లాడొచ్చు. సీటు రాని మన పిల్లలు ఏమైతున్నరో కండ్లు మూసుకుంటే ఆ పిల్లల శరీరాలు అల్మారీలో బ్యాడ్జ్ పెట్టినోడి చేతిలో ఉంటయి. పైగా ఈ పని కింది పని అన్నది ఎవరు? ముట్టుకునే పని నీచం అన్న అదే మాట మన నోట్లోకి ఎట్ల వచ్చింది? పని కింది పని కాదు, దాన్ని కింద పెట్టిండ్రు. పైకి తెచ్చుకునే బాధ్యత మనది.

ఇంకో ప్రశ్న భాష గురించి. "అన్నీ తెలుగులో పెట్టండి" అని భాషాభిమానులు అంటరు. వాళ్ల పిల్లలు ఏ మీడియంలో చదువుతున్నరో నేను అడగను, మీకే తెలుసు. మన పిల్లలకు ఇంగ్లీష్ కావాలె, అందులో రాజీ లేదు. అయితే 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూలో పాఠాలు చెప్పింది. దాని కోసం ఒక అనువాద శాఖనే పెట్టి శాస్త్రాల పుస్తకాలు తయారు చేయించింది, వైద్యం కూడ ఉర్దూలో చెప్పింది. ఒక రాజ్యం తల్చుకుంటే పదాలు పుడతయి. ఇప్పుడు కావాల్సింది రెండు భాషల పుస్తకం. ఒక పక్క ఇంగ్లీష్, ఇంకో పక్క వాడ తెలుగు. రేడియేషన్ రక్షణ పాఠం మాత్రం పిల్లకు మొదటి రోజే పూర్తిగ అర్థమయ్యే భాషలో ఉండాలె. ప్రాణం కాపాడుకునే పాఠాన్ని బట్టీ పట్టమనుడు నేరం. తెలుగు శాఖల్లో కూసున్న మా అసొంటోళ్లు ప్రబంధాల మీద ఇంకో సెమినార్ పెట్టుడు కంటె ఈ పదకోశానికి కూసుంటే నలుగురికి పనికొస్తది. నేను కూసుంట. తోడు వచ్చేటోళ్లు రాండ్రి.

విద్యార్థి సంఘాల తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెయ్యాల్సిన పనులు.

ఒకటి. మీ జిల్లాలో ప్రతి పారామెడికల్ కాలేజీ మీద సమాచార హక్కు దరఖాస్తు బోర్డుకు వెయ్యండి. ఏ ఆసుపత్రికి అనుబంధం, ఆ ఆసుపత్రిలో యాంజియో మిషన్ ఉందా, ఒక్కో విద్యార్థికి ఎన్ని గంటల క్లినికల్ శిక్షణ రాసి ఉంది. జవాబును ఆ కాలేజీ పిల్లల ముందట చదవండి. తేడా వాళ్లే చెప్తరు.

రెండు. ట్రైనీ అయినా, కాంట్రాక్ట్ అయినా ఆ గదిలో అడుగు పెట్టే ప్రతి మనిషికి బ్యాడ్జ్. తన డోసు రికార్డు తాను చూసుకునే హక్కు, ఉద్యోగం మారితే దాన్ని వెంట తీసుకపోయే హక్కు. లైసెన్సు ఇచ్చేది అణుశక్తి నియంత్రణ మండలి. ఫిర్యాదు పోవాల్సింది అక్కడికే.

మూడు. చేసిన ప్రక్రియల నమోదు పుస్తకం లేకుండ ఫైనల్ పరీక్ష లేదు అన్న నియమం. డిప్లొమా నుంచి డిగ్రీకి నేరుగ రెండో ఏడులో చేరే దారి. డిగ్రీ నుంచి బోధనకు దారి.

నాలుగు. సర్కారు ఆసుపత్రుల్లో ఈ పోస్టులను ఏజెన్సీల నుంచి తీసి, రోస్టర్‌తో నోటిఫికేషన్ ఇవ్వాలె. రాష్ట్ర మండలిలో టెక్నాలజిస్టులు ఉండాలె, వాళ్లలో దళిత, ఆదివాసీ, బహుజన టెక్నాలజిస్టులు ఉండాలె.

అయిదు. ఈ కోర్సుల పిల్లలను మన సంఘాల్లో సభ్యులుగ చేర్చుకోండి. యూనివర్సిటీ క్యాంపస్ దాటి చూడండి. ఆసుపత్రి సెల్లార్‌లో, రాత్రి రెండు గంటలకు, సీసం కోటు విప్పి గోడకు ఒరిగి చాయ్ తాగుతున్న పిలగాడు కూడ విద్యార్థే. మన కరపత్రం అతని చేతిదాక పోవాలె.

వచ్చే వారం డయాలసిస్ టెక్నీషియన్ల గురించి రాస్త. ఆ పని చేస్తున్నోళ్లు, చదువుతున్నోళ్లు పేరు చెప్పకున్నా సరే, నాకు మెసేజ్ పెట్టండి. మీ ఆసుపత్రి పేరు నేను రాయను. మీ మాట మాత్రం రాస్త.

జై భీమ్.